అతిపలుచని ఆక్సైడ్ పొరల మీద లోహాలు పెరిగే తీరు: కింద దాగిన లోహానికి ఇందులో పాత్ర ఎంత?

తన్మాత్ర

అందరికీ నమస్కారం. ఉపరితల భౌతికశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టి నాకు ఎక్కువ కాలం కాలేదు. ప్రస్తుతం నికెల్-అల్యూమినియం మిశ్రలోహ స్ఫటికపు (110) తలాన్ని (ఒక నిర్దిష్ట దిశలో కోసిన ముఖాన్ని) ఆక్సిజన్‌కు గురిచేసి, తరువాత శూన్యంలో బాగా వేడిచేసి, దాని మీద ఏర్పడే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొరతో పనిచేస్తున్నాను. ఈ పొర మందం సుమారు అర నానోమీటరు మాత్రమే. గది ఉష్ణోగ్రత వద్ద దాని మీద కొద్దిగా పెల్లేడియం ఆవిరిని పడనిచ్చి, స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శినితో చూస్తున్నాను.

లోహం పొరలా పరుచుకోదని, ముద్దలు కడుతుందని పాఠ్యపుస్తకాల్లో చదివాను కాబట్టి కణాలు కనిపించడం నన్ను ఆశ్చర్యపరచలేదు. అర్థం కానిది వాటి అమరిక. కణాలు తలమంతా సమంగా చెదిరి లేవు. చాలావరకు కొన్ని గీతల వెంట బారులు తీరి ఉన్నాయి, గీతల మధ్య ప్రాంతం దాదాపు ఖాళీగా ఉంది. ఉపరితల శక్తుల లెక్క ఈ బారులను వివరించగలదా? ఇంకొక సందేహం కూడా ఉంది. ఇంత పలుచని పొర మీద చూసినదాన్ని మందమైన ఆక్సైడ్‌కు వర్తింపజేయవచ్చా, లేక కింద ఉన్న లోహం ఫలితాన్ని మార్చివేస్తుందా?

స్ఫటికరేఖ

తన్మాత్ర గారూ, ముందుగా లెక్కతోనే మొదలుపెడదాం, ఎందుకంటే అది ఎంతవరకు చెబుతుందో తెలిస్తేనే చెప్పనిది ఏమిటో తెలుస్తుంది.

పెరుగుదలను మూడు విధాలుగా విభజించి, వాటిని ఉపరితల శక్తులతో ముడిపెట్టినవారు ఎర్న్‌స్ట్ బావర్, 1958లో. లోహపు ఉపరితల శక్తికి, లోహానికీ ఆక్సైడ్‌కూ మధ్య ఉండే సంధితల శక్తిని కలిపితే వచ్చే మొత్తం, ఖాళీ ఆక్సైడ్ ఉపరితల శక్తి కన్నా తక్కువైతే లోహం పొర మీద పొరగా పరుచుకుంటుంది. ఎక్కువైతే ముద్దలు కడుతుంది. మొదటి పొర పరుచుకున్నాక, సాగిన జాలకం (పరమాణువుల క్రమమైన అమరిక) వల్ల లెక్క తలకిందులై ఆ పైన ద్వీపాలు లేవడం మూడవ విధం. మెగ్నీషియం ఆక్సైడ్ (100) తలానికి ఉపరితల శక్తి చదరపు మీటరుకు 1 జౌల్‌కు కాస్త పైన ఉంటుంది. పెల్లేడియంకు అది దాదాపు 2 జౌళ్లు, ప్లాటినంకు అంతకన్నా ఎక్కువ. కాబట్టి సంధితలం బాగా బలంగా ఉంటే తప్ప ఈ లోహాలు ఆక్సైడ్ మీద పరుచుకోవు.

మీ వ్యవస్థకే ఒక సంఖ్య ఉంది. సరిగ్గా ఇదే పొర మీద పెరిగిన పెల్లేడియం స్ఫటికాల ఎత్తును, వెడల్పును, పక్క ముఖాల వాలును సూక్ష్మదర్శినితో కొలిచి, వాటి సమతాస్థితి ఆకారం నుండి అసంజన శక్తిని, అంటే లోహాన్ని ఆక్సైడ్ నుండి విడదీయడానికి పట్టే శక్తిని, రాబట్టారు. 1999లో వెలువడిన ఆ విలువ చదరపు మీటరుకు 2.8 జౌళ్లు, 0.2 అటూ ఇటూగా. లోహం పూర్తిగా పరుచుకోవాలంటే అసంజన శక్తి లోహపు ఉపరితల శక్తికి కనీసం రెండింతలు, అంటే ఇక్కడ 4 జౌళ్ల దాకా ఉండాలి. 2.8 అందుకు చాలదు, కాబట్టి ముద్దలు కడుతుంది. అయితే 2.8 చిన్న సంఖ్య కూడా కాదు, అందుకే ఆ స్ఫటికాలు గోళాల్లా నిలబడకుండా, పైభాగం చదునుగా, అడుగు భాగం కత్తిరించినట్టుగా కూర్చుంటాయి. మీ బొమ్మల్లో కణాల పైన త్రిభుజంగానో షడ్భుజంగానో చదునైన ముఖం కనిపిస్తే అది పెల్లేడియం (111) ముఖం.

బారుల సంగతి మాత్రం ఈ లెక్కలోకి రాదు. ముద్ద కడుతుందా లేదా అన్నదే ఇది చెబుతుంది, ఎక్కడ కడుతుందో చెప్పదు.

శూన్యగది

ఎక్కడ అన్న ప్రశ్నకు సమాధానం పొరలోని లోపాల్లో ఉంది.

ఈ అల్యూమినా పొర మిశ్రలోహపు తలం మీద ఒకే దిశలో పెరగదు. లోహపు వరుసలకు అటు 24 డిగ్రీలు, ఇటు 24 డిగ్రీలు తిరిగిన రెండు రకాల డొమైన్లుగా (ఒకే దిశలో అమరిన ప్రాంతాలుగా) పెరుగుతుంది. అవి కలిసే చోట సరిహద్దు ఏర్పడుతుంది. అంతేగాక ఒకే డొమైన్ లోపల కూడా, లోహానికీ ఆక్సైడ్‌కూ మధ్య జాలకపు తేడాను సర్దుకోవడానికి కొన్ని నానోమీటర్లకొకసారి వరుస పక్కకు జరిగిన గీతలు ఏర్పడతాయి. ఈ గీతల వెంట ఆక్సిజన్ కొరత ఉంటుంది. అక్కడ లోహ పరమాణువు గట్టిగా పట్టుబడుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద పెల్లేడియం పరమాణువు తలం మీద వాలిన తరువాత అక్కడే ఉండిపోదు, తిరుగుతూ పోతుంది. ఇంకొక సంచార పరమాణువు ఎదురయ్యేలోపే ఇటువంటి గీతకు చేరి చిక్కుకుంటుంది. తరువాత వచ్చినవి దాని చుట్టూ చేరతాయి. మీరు చూస్తున్న బారులు ఇవే.

దీన్ని పరీక్షించడానికి ఉష్ణోగ్రతను తగ్గించి చూడండి. ఇదే పొర మీద రోడియంను గది ఉష్ణోగ్రత వద్ద పడనిస్తే అది గీతల వెంట చేరుతుంది. 90 కెల్విన్ల వద్ద పడనిస్తే గీతల దాకా నడిచే శక్తి చాలక, డొమైన్ల లోపలే బిందు లోపాల వద్ద మరింత చిన్న కణాలుగా, మరింత దట్టంగా ఏర్పడుతుంది. లోహం అదే, పొర అదే, ఉపరితల శక్తులూ అవే. మారింది పరమాణువు ఎంత దూరం నడవగలిగింది అన్నది మాత్రమే.

లోపాలు ఎంత తక్కువ సంఖ్యలో ఉన్నా కేంద్రకీకరణను, అంటే కణాలు ఎక్కడ మొలకెత్తాలన్నదాన్ని, శాసించగలవనడానికి పెల్లేడియం, మెగ్నీషియం ఆక్సైడ్‌ల జంట మంచి ఉదాహరణ. 2000లో వెలువడిన కొలతల్లో సుమారు 200 నుండి 600 కెల్విన్ల దాకా ద్వీపాల సాంద్రత మారకుండా చదరపు సెంటీమీటరుకు దాదాపు 3×10¹² వద్ద నిలిచిపోయింది. లోపాలు లేని తలమైతే ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ద్వీపాల సంఖ్య తగ్గుతూ రావాలి, ఎందుకంటే పరమాణువులు ఎక్కువ దూరం తిరిగి, ఉన్న ద్వీపాలలోనే చేరిపోతాయి. మారకుండా నిలిచిందంటే ఉచ్చుల సంఖ్యే ద్వీపాల సంఖ్య అన్నమాట. ఆ తలం మీద చదరపు సెంటీమీటరుకు మెగ్నీషియం స్థానాలు సుమారు 1.1×10¹⁵ ఉంటాయి. అంటే దాదాపు 370 స్థానాలలో ఒక్కటి లోపమైతే చాలు, మిగిలిన తలమంతా దానికి లోబడుతుంది.

ఒక ఆచరణాత్మక హెచ్చరిక చేస్తాను. మీరు ఎలక్ట్రాన్ పుంజంతో కడ్డీని వేడిచేసే ఆవిరి మూలాన్ని వాడుతుంటే, ఆవిరితో పాటు కొన్ని లోహ అయాన్లు కూడా బయటికి వస్తాయి. కడ్డీ వందల వోల్టుల ధన విభవం మీద ఉంటుంది, నమూనా భూమికి కలిపి ఉంటుంది, కాబట్టి ఆ అయాన్లు వందల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో పొరను ఢీకొని కొత్త లోపాలను పుట్టిస్తాయి. ఆ తరువాత మీరు చూసే కేంద్రకీకరణ పొర స్వభావాన్ని చెప్పదు, మీ ఆవిరి మూలం చేసిన గాయాలను చెబుతుంది. ఆవిరి పోస్తున్నంతసేపు నమూనాను కూడా కడ్డీతో సమానమైన విభవం వద్ద ఉంచితే ఈ బెడద తప్పుతుంది.

తన్మాత్ర

స్ఫటికరేఖ గారికి, శూన్యగది గారికి కృతజ్ఞతలు. కణాల పైన చదునైన త్రిభుజాకార ముఖాలు కొన్నింటికి స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆవిరి మూలం ఎలక్ట్రాన్ పుంజంతో పనిచేసేదే. నమూనాకు విభవం ఇచ్చే ఏర్పాటు ఉంది, ఇకముందు దానిని తప్పక వాడతాను.

నా రెండవ ప్రశ్న మిగిలే ఉంది. ఇప్పటిదాకా చెప్పిన దానిలో కింద ఉన్న లోహం డొమైన్ల దిశను, గీతలను నిర్ణయించింది గాని, పైన పడిన లోహంతో నేరుగా సంబంధం పెట్టుకున్నట్టు కనిపించదు. వెండి మీద పెంచిన మెగ్నీషియం ఆక్సైడ్ పొర పలుచగా ఉంటే బంగారం చదునుగా పరుచుకుంటుందని, మందంగా ఉంటే ముద్ద కడుతుందని విన్నాను. అది నిజమైతే, పొర పైముఖం రెండు సందర్భాల్లోనూ ఒకటే కదా?

గణనయంత్రం

అది నిజమే, ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫలితం కూడా అదే. ఇందులో గణన ముందు నడిచింది, ప్రయోగం తరువాత వచ్చి దానిని ధ్రువీకరించింది.

2005లో జాన్‌ఫ్రాంకో పచ్చియోని బృందం మాలిబ్డినం మీద పెంచిన మెగ్నీషియం ఆక్సైడ్ పలుచని పొరపై బంగారు పరమాణువును ఉంచి లెక్కించింది. కిందనున్న లోహం నుండి ఒక ఎలక్ట్రాన్ ఆక్సైడ్ గుండా టన్నెలింగ్ (అడ్డుగోడను దాటే క్వాంటం ప్రక్రియ) ద్వారా వచ్చి బంగారంలో స్థిరపడుతుందని, పరమాణువు రుణావేశితమవుతుందని తేలింది. మరుసటి ఏడాది ఉజీ లాండ్‌మన్‌తో కలిసి చేసిన పనిలో, విడిగా ఉన్నప్పుడు పిరమిడ్ ఆకారాన్ని కోరుకునే 20 పరమాణువుల బంగారు సమూహం కూడా ఇటువంటి పలుచని పొర మీద చదునైన బిళ్ళగా ఉండడానికే మొగ్గుతుందని అంచనా వేశారు. 2007లో బెర్లిన్‌లోని ఫ్రిట్జ్ హాబర్ సంస్థలో హాన్స్-యోఆఖిమ్ ఫ్రాయ్ంట్ బృందం వెండి (001) తలం మీద పెంచిన మెగ్నీషియం ఆక్సైడ్‌తో దీన్ని చూపించింది. 3 పరమాణు పొరల మందం మీద బంగారం ఒకే పరమాణువు ఎత్తున్న ద్వీపాలుగా పరుచుకుంది. 8 పొరల మందం మీద ముద్దలు కట్టింది. 3 పొరలంటే సుమారు 0.6 నానోమీటరు, 8 పొరలంటే సుమారు 1.7 నానోమీటర్లు. ఒక నానోమీటరు తేడాలో పెరుగుదల విధానమే మారిపోయింది.

ఎందుకిలా జరుగుతుంది? మూడు విషయాలు ఒకచోట కూడాలి. మొదటిది, బంగారానికి ఎలక్ట్రాన్ ఎఫినిటీ (ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు విడుదలయ్యే శక్తి) 2.31 ఎలక్ట్రాన్ వోల్టులు, లోహాల్లో ఇది అసాధారణంగా ఎక్కువ. రెండవది, వెండి మీద మెగ్నీషియం ఆక్సైడ్ పొర కూర్చోగానే, లోహపు ఉపరితలం నుండి బయటికి చిమ్మి ఉండే ఎలక్ట్రాన్ మేఘాన్ని అది లోపలికి నెట్టడం వల్ల, వెండి పని ప్రమేయం ఒక ఎలక్ట్రాన్ వోల్టుకు పైగా తగ్గుతుంది. అంటే ఎలక్ట్రాన్‌ను బయటికి తీయడం చౌక అవుతుంది. మూడవది, రుణావేశిత బంగారం కింద ఉన్న మెగ్నీషియం అయాన్లు పైకి, ఆక్సిజన్ అయాన్లు కిందికి జరిగి పొర ఆ ఆవేశానికి తగినట్టు వంగుతుంది. మందమైన ఆక్సైడ్ అంత సులువుగా వంగదు, అక్కడికి ఎలక్ట్రాన్ అసలు చేరదు.

పొర పైముఖం ఒకటే కదా అన్నారు. రసాయనపరంగా ఒకటే, కాని బంగారం వాలే చోటు కూడా మారుతుంది. మందమైన మెగ్నీషియం ఆక్సైడ్ మీద తటస్థ బంగారు పరమాణువు ఆక్సిజన్ అయాన్ నెత్తిన కూర్చుంటుంది. పలుచని పొర మీద రుణావేశితమైనది కాబట్టి మెగ్నీషియం అయాన్లకు దగ్గరవుతుంది. చాలా తక్కువ ఉష్ణోగ్రతల వద్ద విడి పరమాణువులను చూసినప్పుడు బంగారు పరమాణువులు ఒకదానికొకటి దూరం పాటిస్తూ దాదాపు క్రమబద్ధంగా నిలబడ్డాయి, ఎందుకంటే సమానావేశాలు వికర్షించుకుంటాయి. అదే పొర మీద పెల్లేడియం పరమాణువులు అటువంటి క్రమాన్ని చూపలేదు. పెల్లేడియం ఎలక్ట్రాన్ ఎఫినిటీ 0.56 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే, అందుకే అది తటస్థంగా ఉండిపోతుంది. 2007 నాటి ఈ ఫలితాన్ని నేను చాలా విలువైనదిగా భావిస్తాను, ఎందుకంటే ఒకే పొర మీద రెండు లోహాలను పక్కపక్కన పెట్టి తేడా చూపించింది.

స్ఫటికరేఖ

గణనయంత్రం గారూ, ఫలితంతో నాకు పేచీ లేదు. అయితే ఇది బావర్ లెక్కను కాదన్నట్టు చెప్పడం సరికాదని నా అభిప్రాయం. ఎలక్ట్రాన్ బదిలీ వల్ల లోహానికీ ఆక్సైడ్‌కూ మధ్య ఆకర్షణ పెరిగింది, అంటే సంధితల శక్తి తగ్గింది. సంధితల శక్తి తగ్గితే లోహం పరుచుకోవాలి, పరుచుకుంది. పాత సమీకరణంలో ఒక పదం విలువ మారింది గాని సమీకరణం మారలేదు. బంగారపు ఉపరితల శక్తి పెల్లేడియం కన్నా, ప్లాటినం కన్నా తక్కువ కాబట్టి, అంచు దాటించడానికి కొద్దిపాటి అదనపు ఆకర్షణ సరిపోయి ఉండవచ్చు.

గణనయంత్రం

స్ఫటికరేఖ గారూ, సమీకరణం నిలుస్తుందన్నది నేను ఒప్పుకుంటాను. నా పట్టు అంతా వేరే చోట ఉంది. ఆ పదం ఇప్పుడు రెండు పదార్థాల మధ్య స్థిరాంకం కాదు, పొర మందాన్ని బట్టి, అడుగున ఉన్న లోహాన్ని బట్టి మారే రాశి. పట్టికలో చూసి తెచ్చుకునే విలువ కాదు. ద్వీపం పరిమాణాన్ని బట్టి కూడా మారుతుంది, ఎందుకంటే వచ్చిన అదనపు ఎలక్ట్రాన్లు చదునైన బంగారు ద్వీపంలో సమంగా పరుచుకోవు, ఎక్కువగా అంచుల వెంట చేరతాయి. చిన్న ద్వీపంలో అంచు పాలు ఎక్కువ, పెద్దదానిలో తక్కువ. ఒకే ఒక్క సంధితల శక్తితో దీనిని ఎలా రాస్తాం?

ఆవేశమే కారణమనడానికి ఇంకొక సాక్ష్యం ఉంది. పొర పలుచగా ఉండనవసరం లేకుండానే ఇదే ఫలితం తీసుకురావచ్చు. మందమైన కాల్షియం ఆక్సైడ్ పొరను కొద్దిపాటి మాలిబ్డినంతో మాదీకరణం చేస్తే, అంటే ఆ పరమాణువులను మలినంగా చేర్చితే, ఆ మాలిబ్డినం పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను బంగారానికి ఇస్తాయి, బంగారం చదునుగా పరుచుకుంటుంది. మాదీకరణం చేయని కాల్షియం ఆక్సైడ్ మీద అదే బంగారం ముద్ద కడుతుంది. అడుగు లోహం చేసిన పనిని ఇక్కడ ఆక్సైడ్ లోపల దాగిన మలిన పరమాణువు చేసింది. ఎలక్ట్రాన్ ఎక్కడినుండి వచ్చిందన్నది ముఖ్యం కాదు, వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం.

స్ఫటికరేఖ

అంచుల వాదన బలమైనదే. అంచు శక్తి పదాన్ని వేరుగా చేర్చవలసి వస్తుంది, అప్పుడు అది పాత సమీకరణం కాదన్న మీ మాటలో న్యాయం ఉంది. పెద్ద స్ఫటికాల విషయంలో మాత్రం, ముఖ్యంగా తన్మాత్ర గారి పెల్లేడియం వంటి చోట్ల, పాత లెక్క చాలా దూరం తీసుకువెళుతుందని ఇప్పటికీ నమ్ముతాను.

ఉత్ప్రేరకం

నేను చూర్ణ రూపంలో ఉండే ఉత్ప్రేరకాలతో పనిచేసేవాడిని కాబట్టి తన్మాత్ర గారి రెండవ ప్రశ్నను నా వైపు నుండి చూస్తాను. పరిశ్రమలో వాడే అల్యూమినా, టైటానియా, సిలికా ఏవీ అర నానోమీటరు మందం ఉండవు, వాటి అడుగున లోహమూ ఉండదు. అయినా పలుచని పొరల మీద జరిగే పనిని మేము జాగ్రత్తగా చదువుతాం. మందమైన విద్యుత్ బంధక ఆక్సైడ్ మీద ఎలక్ట్రాన్ పుంజమో టన్నెలింగ్ మొనో పెడితే ఆవేశం పేరుకుపోయి కొలతే సాగదు. పలుచని పొర ద్వారా ఎలక్ట్రాన్లు కిందికి జారిపోతాయి కాబట్టే ఇంత వివరంగా చూడగలుగుతున్నారు. అయితే కొలతను సాధ్యం చేసే ఆ ద్వారమే లోహానికి ఎలక్ట్రాన్‌ను కూడా పంపగలదని పై చర్చ చూపింది. అందువల్ల ఒక పలుచని పొర ఫలితాన్ని మా చూర్ణానికి వర్తింపజేసే ముందు నేను ఎప్పుడూ మందం మార్చి చూశారా అని వెతుకుతాను. మార్చినా ఫలితం మారకపోతే అది ఆక్సైడ్ గుణం. మారితే అది మొత్తం కట్టడం గుణం.

ఇంకొక తేడాను ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. నిజమైన ఆక్సైడ్ తలం మీద హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. అత్యున్నత శూన్యంలో పెంచిన పొర మీద అవి దాదాపు ఉండవు. ఇది చిన్న విషయం కాదు. 2002లో వెలువడిన ఒక ఫలితం ప్రకారం, హైడ్రాక్సిల్‌తో కప్పిన అల్యూమినా మందమైన స్ఫటికపు (0001) తలం మీద కోబాల్ట్ ముద్దలు కట్టకుండా పొరగా పరుచుకుంది. మొదట వాలిన కోబాల్ట్ పరమాణువులు హైడ్రాక్సిల్‌తో చర్య జరిపి, ఆక్సీకరణం చెంది, తలానికి గట్టిగా కట్టుబడి, తరువాతి పరమాణువులకు కూర్చునే చోటు ఏర్పరిచాయి. ఇక్కడ అడుగు లోహం ఏదీ లేదు. అంటే ముద్ద కట్టే స్వభావాన్ని మార్చడానికి ఎలక్ట్రాన్ బదిలీ ఒక్కటే మార్గం కాదు.

శూన్యగది

ఉత్ప్రేరకం గారు చెప్పిన హైడ్రాక్సిల్ విషయం ప్రయోగశాలలో ఇంకో రూపంలో ఎదురవుతుంది, అందుకే తన్మాత్ర గారికి ఈ మాట. చాంబర్‌లో మిగిలి ఉండే వాయువుల్లో నీటి ఆవిరి ముఖ్యమైనది. పీడనం 10⁻¹⁰ మిల్లీబార్ల వద్ద ఉన్నా, తలాన్ని తాకిన ప్రతి అణువూ అతుక్కుంటుందనుకుంటే ఒక పూర్తి పొర పేరుకోవడానికి సుమారు మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది. 10⁻⁹ వద్ద అయితే అందులో పదో వంతు సమయం చాలు. ఉదయం పెంచిన పొర మీద సాయంత్రం లోహం పోస్తే అది ఉదయం నాటి పొర కాకపోవచ్చు. మెగ్నీషియం ఆక్సైడ్ విషయంలో, మెట్ల అంచుల వద్ద నీరు సులువుగా విడిపోతుంది కాబట్టి, ఇది మరింత ముఖ్యం. పొర పెంచిన వెంటనే లోహం పోయడం అలవాటు చేసుకోండి.

లోపాలను శత్రువులుగానే చూడనవసరం లేదని కూడా చెప్పాలనిపిస్తోంది. మీ మిశ్రలోహానికి దగ్గరి బంధువైన, ఒక అల్యూమినియంకు మూడు నికెల్ పరమాణువులున్న మిశ్రలోహపు (111) తలం మీద పెరిగే అల్యూమినా పొరలో 4.1 నానోమీటర్ల దూరంలో షడ్భుజ జాలకంలా రంధ్రాలు ఉంటాయి. అవి పొర గుండా కిందనున్న లోహం దాకా వెళతాయని 2007లో తేల్చారు. పెల్లేడియం పరమాణువులు ఆ రంధ్రాల్లో చిక్కి, ఒక్కో రంధ్రం మీద ఒక్కో కణం మొలుస్తుంది. లెక్క వేస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు 7×10¹² రంధ్రాలు వస్తాయి, అన్నీ సమదూరంలో. ఇనుము, కోబాల్ట్ నేరుగా పోస్తే అంత చక్కగా అమరవు. ముందుగా ప్రతి రంధ్రంలో కొద్దిగా పెల్లేడియంను విత్తి, ఆ పైన ఇనుమునో కోబాల్ట్‌నో పోస్తే అవి కూడా అదే జాలకాన్ని అనుసరిస్తాయి. నాటు వేసిన మడిలా కనిపించే ఆ బొమ్మలను చూస్తే, కింది లోహం, పొర, పై లోహం మూడూ కలిసి చేసిన పని ఎంత నిర్దుష్టంగా ఉండగలదో అర్థమవుతుంది.

తన్మాత్ర

ఈ రంధ్రాల పొర గురించి నాకు తెలియదు, చాలా ఆసక్తిగా ఉంది. గణనయంత్రం గారిని ఒక విషయం అడగాలి. నా పెల్లేడియం కణాలు ఆవేశితమయ్యాయో లేదో ఎక్స్‌-కిరణ ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటంతో చెప్పగలమా? చిన్న కణాల వద్ద పెల్లేడియం 3d కక్ష్య రేఖ, ముద్ద లోహంతో (పెద్ద ముక్కగా ఉన్న లోహంతో) పోలిస్తే, ఎక్కువ బంధన శక్తి వైపు జరిగి ఉంది. దీన్ని బట్టి అవి ధనావేశితమని అనుకోవచ్చా?

గణనయంత్రం

ఆ ఒక్క ఆధారంతో అలా అనుకోవద్దు. ఫోటోఎలక్ట్రాన్ బయటికి వచ్చిన క్షణంలో కణంలో ఒక ధన రంధ్రం మిగులుతుంది. ముద్ద లోహంలో చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు దాన్ని వెంటనే కప్పివేస్తాయి. కొద్ది పరమాణువుల కణం మీద, అదీ బంధక పొర మీద కూర్చున్నప్పుడు, అంత బాగా కప్పలేవు. అందువల్ల ఫోటోఎలక్ట్రాన్ బయటపడడానికి ఎక్కువ శక్తి వెచ్చించవలసి వస్తుంది, రేఖ ఎక్కువ బంధన శక్తి వైపు జరుగుతుంది. కణం మొదట్లో పూర్తిగా తటస్థంగా ఉన్నా ఇలాగే జరుగుతుంది. కాబట్టి రేఖ జరగడంలో మొదటి స్థితి ఆవేశం పాలు ఎంత, చివరి స్థితిలో కప్పలేకపోవడం పాలు ఎంత అని విడదీయాలి. రేఖ స్థానాన్ని ఒకే మందం మీద ఒకే కణ పరిమాణంతో కాక, కణ పరిమాణాన్ని మారుస్తూ చూస్తే కొంత తేలుతుంది.

కార్బన్ మోనాక్సైడ్‌ను సాక్షిగా వాడడం ఇంతకన్నా నమ్మదగినది. వాయు స్థితిలో దాని కంపన పౌనఃపున్యం 2143 తరంగ సంఖ్యలు (సెంటీమీటరుకు 2143 తరంగాలు). ఎలక్ట్రాన్లు సమృద్ధిగా ఉన్న లోహ స్థానం మీద కూర్చుంటే అవి అణువులోని ప్రతిబంధక కక్ష్యలోకి (ఎలక్ట్రాన్ చేరితే బంధం బలహీనపడే కక్ష్యలోకి) పాకి, కార్బన్-ఆక్సిజన్ బంధాన్ని బలహీనపరచి, పౌనఃపున్యాన్ని బాగా తగ్గిస్తాయి. ధనావేశిత స్థానమైతే తగ్గుదల ఉండదు, కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. అయితే పెల్లేడియం మీద అణువు శిఖర స్థానంలో కూర్చుందా, వంతెన స్థానంలో కూర్చుందా, మూడు పరమాణువుల మధ్య గుంటలో కూర్చుందా అన్నదాన్ని బట్టి కూడా పౌనఃపున్యం చాలా మారుతుంది. ముందు స్థానాన్ని గుర్తించి, తరువాతే ఆవేశం గురించి మాట్లాడాలి.

ఇంకొక మాట. మీ అల్యూమినా పొరను సాధారణ అల్యూమినాతో సమానంగా తీసుకోకండి. వియన్నా పరిశోధకులు 2005లో దాని నిర్మాణాన్ని పరిష్కరించినప్పుడు, అందులో 10 అల్యూమినియం పరమాణువులకు 13 ఆక్సిజన్ పరమాణువులే ఉన్నాయని తేలింది. సాధారణ అల్యూమినాలో 10కి 15 ఉంటాయి. ఆ కొరత నిలబడుతున్నది అడుగున ఉన్న మిశ్రలోహంతో పొరకు నేరుగా బంధం ఉండడం వల్లే. పైగా బంగారు పరమాణువులు ఈ పొర మీద వాలినప్పుడు కింది మిశ్రలోహంలోని వరుసలను గుర్తుపట్టినట్టు అమరుతాయి. అంటే కింద ఉన్న లోహం పైకి వినిపిస్తూనే ఉంటుంది. మీరు అడిగిన ప్రశ్నకు మీ పొరే ఒక సమాధానం.

ఉత్ప్రేరకం

తన్మాత్ర గారూ, మీరు తరువాత నమూనాను వేడిచేయబోతుంటే ఒక మాట. వేడి పెరిగినప్పుడు కణాలు పెద్దవవుతాయని అందరూ అనుకుంటారు, అది నిజమే. అయితే ఇంత పలుచని పొర మీద ఇంకొక దారి కూడా ఉంది. పెల్లేడియం, రోడియం, కోబాల్ట్ పరమాణువులు పొర గుండా కిందికి దిగి మిశ్రలోహంలో కలిసిపోగలవు. అప్పుడు పై తలం మీద లోహ పరిమాణం తగ్గుతుంది, వర్ణపటంలో రేఖ బలహీనపడుతుంది. దీన్ని చూసి కణాలు పెద్దవై తలాన్ని తక్కువగా కప్పుతున్నాయని తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. మందమైన టైటానియా మీద జరిగేది వేరు. 1978లో టాస్టర్, ఫంగ్, గార్టెన్ గుర్తించిన ఆ ప్రభావంలో, హైడ్రోజన్‌లో గట్టిగా వేడిచేసిన తరువాత లోహం వాయువులను పట్టుకునే శక్తిని కోల్పోతుంది. క్షయకరణం చెందిన టైటానియా లోహం పైకి పాకి దాన్ని కప్పేస్తుందని తరువాత తెలిసింది. అక్కడ ఆక్సైడ్ పైకి ఎక్కుతుంది, మీ దగ్గర లోహం కిందికి దిగుతుంది. రెండింటిలోనూ ఫోటోఎలక్ట్రాన్ రేఖ బలహీనపడుతుంది కాబట్టి రేఖ ఒక్కదాన్ని చూసి తేల్చలేరు.

శూన్యగది

దానిని వేరుచేయడానికి ఒక తేలికైన పద్ధతి. వేడిచేయడానికి ముందు, తరువాత ఒకే పరిమాణం గల ప్రాంతాల్లో కణాల ఎత్తును, వెడల్పును, సంఖ్యను కొలిచి, మొత్తం ఘనపరిమాణాన్ని లెక్కించండి. మొన ఆకారం వల్ల వెడల్పు అసలు కన్నా ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఎత్తును, సంఖ్యను ఎక్కువగా నమ్మండి. కణాల సంఖ్య తగ్గి ఎత్తు పెరిగి, ఘనపరిమాణం మారకపోతే అవి కలిసి పెరిగాయి. ఘనపరిమాణమే తగ్గితే లోహం కిందికి దిగింది. ఉష్ణోగ్రతను ఒక్కసారిగా కాక, అంచెలంచెలుగా పెంచుతూ, ప్రతి అంచెలో తిరిగి గది ఉష్ణోగ్రతకు దించి చూడండి. మొదటి అంచెకు ముందు ఖాళీ పొర బొమ్మ కూడా ఒకటి తీసి ఉంచుకుంటే, వేడి వల్ల పొరే మారిందా అన్నది కూడా పోల్చి చూసుకోవచ్చు.

తన్మాత్ర

అలాగే చేస్తాను. ముందుగా నమూనాకు విభవం ఇచ్చి, పొర పెంచిన వెంటనే పెల్లేడియం పోసి, గది ఉష్ణోగ్రత వద్ద ఒకసారి, చల్లబరచి ఒకసారి చూసి, గీతల వెంట చేరే కణాల పాలు ఎలా మారుతుందో లెక్కిస్తాను. ఆ తరువాతే వేడిచేయడం మొదలుపెడతాను. బొమ్మలు సిద్ధమయ్యాక ఈ చర్చలోనే కొలతలతో సహా పెడతాను.